నేల టిక్కెట్టుకీ వెన్నెల కావాలి!

సినిమా చూసి బయటికొస్తూ మనం ఏం మాట్లాడుకుంటాం? హీరో ఫైటింగు గురించి. హీరోయిన్ కట్టిన చీర గురించి. కమెడియన్ పేల్చిన జోకు గురించి. ఆ వెలుగు ఎవరు పెట్టారు, ఆ నీడ ఎక్కణ్ణుంచి పడింది అని ఎవరైనా మాట్లాడుకుంటారా? వెయ్యిమందిలో ఒక్కడు మాట్లాడుకుంటే గొప్ప! అయినా 1957లో వచ్చిన 'మాయాబజార్'లో మార్కస్ బార్‌ట్లే తెర మీద కాయించిన వెన్నెలను మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాం. ఎందుకని? ఆ వెన్నెల ఆకాశంలోంచి ఊడిపడలేదు గనుక. ఒక మనిషి బుర్రలోంచి పుట్టింది గనుక.

ఈ వారం మన కబుర్లు కూడా వెలుగునీడల గురించే. అయితే స్టూడియో ఫ్లోరు మీద కాదు, కంప్యూటర్ తెర మీద!

ఆట పేరు జోనోటిక్. తుపాకీ పుచ్చుకుని పరుగులు పెట్టే ఆట. గోడ చాటునుంచి ఎవడో దూకుతాడు, మీరు కాలుస్తారు, లేదా వాడే మిమ్మల్ని కాలుస్తాడు. కథ అంతే! ఇందులో చెల్లెలి పెళ్లి లేదు, క్లైమాక్సులో తల్లి తప్పిపోయిన కొడుకుని గుర్తుపట్టడం లేదు. కానీ విశేషం ఏమిటంటే, ఈ ఆటకి పైసా ఖర్చు లేదు. లినక్స్ మీద హాయిగా నడుస్తుంది. విండోస్ మీదా, మ్యాక్ మీదా కూడా నడుస్తుంది. దాని కోడు, బొమ్మలు, రంగస్థలాలు అన్నీ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచిపెట్టొచ్చు.

"ఉచితమా? అయితే ఉచితంలాగే ఉంటుంది లెండి" అని పెదవి విరుస్తున్నారా? ఆగండి. ఆ పెదవి విరుపు గురించే ఈ వారం ముచ్చట.

కెమెరా ఇచ్చారు, కథ ఇవ్వలేదు!

1996 జూన్‌లో అమెరికాలోని ఐడి సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ 'క్వేక్' అనే ఆటను విడుదల చేసింది. కుర్రకారు వెర్రెత్తిపోయారు. ఇవాళ దాన్ని చూస్తే మీకు నవ్వొస్తుంది. మొత్తం 256 రంగులు. అందులోనూ ఎక్కువ భాగం మట్టిరంగే! గోడలు గోధుమరంగు, నేల గోధుమరంగు, రాక్షసులు కూడా ఇంచుమించు గోధుమరంగే. అయినా అది అప్పటికి అద్భుతం. మనిషి నిజంగా మూడు కొలతల లోకంలో తిరుగుతున్నట్టు చూపించింది.

దాని వెనుక ఉన్న ప్రోగ్రామర్ జాన్ కార్మాక్. ఆయనది ఓ చిత్రమైన అలవాటు. ఆట పాతబడి, అమ్మకాలు చల్లబడ్డాక, దాని కోడును లోకానికి ఇచ్చేయడం. క్వేక్ కోడును 1999 డిసెంబరులో జీపీఎల్ అనే లైసెన్సు కింద ఇచ్చేశారు. ఆ లైసెన్సు మాట ఒక్క ముక్కలో చెప్పాలంటే, "తీసుకో, వాడుకో, బాగుచెయ్యి. నువ్వు బాగుచేసింది ఇతరులకు అందించినప్పుడు దాని కోడు కూడా వాళ్ల చేతిలో పెట్టు." పెళ్లిలో చదివింపుల పద్ధతే అనుకోండి. పుచ్చుకున్నవాడు మళ్లీ పెట్టాలి!

అయితే ఓ మెలిక ఉంది. ఇచ్చింది కోడు మాత్రమే. గోడల బొమ్మలు, రాక్షసులు, శబ్దాలు, రంగస్థలాలు ఇవ్వలేదు. అంటే ఏమిటన్నమాట? ఓ పెద్ద నిర్మాత తన కెమెరా, క్రేను, ఎడిటింగ్ యంత్రం వీధిలో పెట్టి "మీ ఇష్టం, వాడుకోండి" అన్నాడు. కానీ కథ, సెట్టింగులు, నటీనటులు, సంగీతం మాత్రం మీరే తెచ్చుకోవాలి!

తెచ్చుకున్నారు. 'లార్డ్ హావోక్' అనే తెరపేరుతో పనిచేసే ఒక ప్రోగ్రామర్ క్వేక్ కోడును తీసుకుని, దాని ఎముకలకి కొత్త కండ పట్టించి, 'డార్క్‌ప్లేసెస్' అనే ఇంజను తయారుచేశారు. ఏలియన్‌ట్రాప్ అనే చిన్న జట్టు దాని మీద 2005 మే నెలాఖరున 'నెక్సూయిజ్' అనే ఆట విడుదల చేసింది. బొమ్మలు, శబ్దాలు, రంగస్థలాలు ఎంతోమంది ఔత్సాహికులు చేసిచ్చినవే. పారితోషికం? సున్నా!

సెకనులో అరవయ్యో వంతులో లైటింగు!

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆటలో 'గ్రాఫిక్స్ మెరుగుపడ్డాయి' అంటే ఏమిటి?

మన సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు. ఒక షాటుకి లైట్లు సర్దడానికి కెమెరామన్ రెండు గంటలు తీసుకుంటాడు. హీరోగారు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతారు. నిర్మాత గడియారం చూసుకుంటూ ఉంటాడు. అది సినిమా.

ఆటలో ఆ సౌఖ్యం లేదు. సెకనుకు కనీసం 60 ఫ్రేములు కావాలి. అంటే ఒక్కో ఫ్రేముకి దొరికే సమయం 16 మిల్లీసెకన్లు, ఆ పైన కొంచెం. ఆ లోపల ఎవరు ఎక్కడున్నారో చూడాలి, గోడలు నిలబెట్టాలి, లైటు వెయ్యాలి, నీడ వెయ్యాలి, పొగ వదలాలి, బొమ్మ తెర మీదికి పంపాలి. పైగా హీరో ఎటు తిరుగుతాడో దర్శకుడికే తెలీదు. ఎందుకంటే హీరో మీరే!

ఇంత తక్కువ సమయంలో వెలుగు ఎలా వేస్తారు? ఓ పాత చిట్కా ఉంది. వెలుగును ముందే వండి పెట్టుకోవడం! వేసవిలో ఎండబెట్టిన వడియాలు ఏడాదంతా వేయించుకున్నట్టు. రంగస్థలం కట్టినవాడు తన కంప్యూటరు మీద, ఏ దీపం కాంతి ఏ గోడ మీద ఎంత పడుతుందో ముందే లెక్క కట్టిస్తాడు. దానికి గంటలు పట్టినా పరవాలేదు. ఆ లెక్కను ఓ బొమ్మలాగా గోడకి అతికించేస్తాడు. దీన్ని లైట్‌మ్యాప్ అంటారు. ఆడేటప్పుడు మళ్లీ లెక్క అక్కర్లేదు. క్వేక్ చేసింది ఇదే, జోనోటిక్ రంగస్థలాల్లో కూడా ఇప్పటికీ వెన్నెముక ఇదే.

కానీ వడియం వడియమే, కదలదు! మీరు ఓ రాకెట్టు వదిలారనుకోండి. అది చీకటి నడవాలో మండుకుంటూ దూసుకుపోతుంటే గోడలు ఎర్రబడాలా వద్దా? స్తంభం నీడ గోడ మీద గిర్రున తిరగాలా వద్దా? అందుకని డార్క్‌ప్లేసెస్‌లో అప్పటికప్పుడు లెక్కకట్టే దీపాలు కూడా పెట్టారు. పేలుడు జరిగితే ఆ గదంతా ఓ క్షణం పగలవుతుంది. నీడలు పరుగెడతాయి. ఇది తాజా వంట. రుచి ఎక్కువ, ఖర్చూ ఎక్కువే!

ప్లైవుడ్ స్తంభం రాతిస్తంభం అయిన వైనం

పౌరాణికాల్లో రాజసభ చూశారుగా? బ్రహ్మాండమైన రాతిస్తంభాలు, వాటి మీద శిల్పాలు. దగ్గరికెళ్లి తడితే డొల్ల! ప్లైవుడ్డు, ప్లాస్టర్. చాలాచోట్ల శిల్పం కూడా ఉండదు, నీడలతో సహా రంగు పూసి ఉంటుంది. లైటు పూసిన వైపునుంచే పడినంతసేపూ మోసం పండుతుంది. లైటు అటువైపు మార్చారో, గుట్టు రట్టు!

పాత ఆటల్లో గోడలన్నీ ఇలా రంగు పూసినవే. అప్పటికప్పుడు కదిలే దీపాలు వచ్చాక ఆ మోసం పనికిరాలేదు. అప్పుడు 'నార్మల్ మ్యాప్' అనే ఉపాయం పట్టుకొచ్చారు. గోడ బల్లపరుపుగానే ఉంటుంది. కానీ దాని మీద ప్రతి చుక్కకీ "నేను ఇటు తిరిగి ఉన్నాను" అని చెప్పే ఇంకో రహస్యపు బొమ్మ జతచేస్తారు. దీపం కదిలితే ఆ చుక్కలు దాని ప్రకారం మెరుస్తాయి, మసకబారతాయి. చూసేవాడికి ఇటుక ఇటుకా వేరువేరుగా పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. ఇంకో మెట్టు ఎక్కితే, పక్కనుంచి చూసినప్పుడు ఇటుకల మధ్య సందు లోతు కూడా కనపడేట్టు చుక్కలను పక్కకి జరుపుతారు. అసలు గోడ మాత్రం పలకలాగా నున్నగానే ఉంది సుమండీ! విఠలాచార్య చూసి ఉంటే ఆ ప్రోగ్రామర్ని వదిలేవారు కాదు.

ఇంకా ఉన్నాయి. దీపం చుట్టూ మెత్తగా పాకే కాంతి. గోడ మీద తూటా పడిన మచ్చ. నీళ్లలో ప్రతిబింబం. ఈ ప్రతిబింబం సంగతి సరదాగా ఉంటుంది. నీళ్లలో గది కనపడాలంటే ఆ గదిని తలకిందులుగా మళ్లీ ఒకసారి గీయాలి. అంటే ఒకే టిక్కెట్టుకి రెండాటలు! పాపం, గ్రాఫిక్స్ కార్డుకి ఊపిరాడదు.

పేరు పోయింది, ఆట మిగిలింది

ఇక్కడ ఇంటర్వెల్ మలుపు ఒకటుంది. 2010లో నెక్సూయిజ్ పేరును, కన్సోల్ మీద ఆ ఆట తీసే హక్కును ఇల్‌ఫోనిక్ అనే కంపెనీకి ఇచ్చారు. కంపెనీ ఆట అన్నాక దాని కోడు బయటికి రాదుగా! ఏళ్ల తరబడి ఉచితంగా గోడలకి రంగులేసినవాళ్లు, రంగస్థలాలు కట్టినవాళ్లు నివ్వెరపోయారు. మనం పెంచిన పిల్ల పేరు ఇంకొకరింట్లో మోగడం అంటే మాటలా?

సినిమాల్లో అయితే ఇక్కడ హీరో కోర్టుకెక్కుతాడు, లేదా కత్తి పడతాడు. వీళ్లు అవేవీ చేయలేదు. "పేరు మీరుంచుకోండి, కోడూ బొమ్మలూ జీపీఎల్ కింద ఉన్నాయి కదా, అవి అందరివీ" అన్నారు. సామాను సర్దుకుని పక్కవీధిలో కొత్త కంపెనీ పెట్టుకున్నారు. ఆ కొత్త బోర్డు పేరే జోనోటిక్. అదే ఏడాది ఆఖరుకల్లా మొదటి నమూనా బయటికొచ్చింది.

మరి రెండువైపులా ఏం జరిగిందంటారా? ఇల్‌ఫోనిక్ వారి నెక్సూయిజ్ క్రైఇంజన్ 3 అనే ఖరీదైన ఇంజను మీద 2012లో వచ్చింది. చూడటానికి కన్నులపండుగ. ఏమాటకామాట చెప్పుకోవాలి, తళుకులో ఉచిత ఆట దాని ముందు నిలబడలేదు. కానీ దాన్ని విడుదల చేసిన టీహెచ్‌క్యూ అనే సంస్థ అదే ఏడాది డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. జోనోటిక్ మాత్రం నింపాదిగా నడిచింది. కొత్త పాత్రల బొమ్మలు, కొత్త తుపాకుల బొమ్మలు, కొత్త రంగస్థలాలు వచ్చాయి. 2017 ఏప్రిల్‌లో 0.8.2 వచ్చాక తర్వాతి విడుదల 0.8.5 కోసం 2022 జూన్ దాకా ఆగాల్సివచ్చింది. ఐదేళ్లు! మన హీరోల సినిమాలే నయమనిపిస్తుంది. కానీ జీతం లేని పనివాళ్లు, పగలు ఉద్యోగం చేసి రాత్రి కూర్చునేవాళ్లు. 2023లో 0.8.6 కూడా తెచ్చారు.

డబ్బున్న ఆట అందంగా పుట్టింది, డబ్బుతోపాటే చిక్కుల్లో పడింది. డబ్బులేని ఆట నెమ్మదిగా అందం తెచ్చుకుంటూ బతికే ఉంది. ఇందులో నీతి నేను చెప్పను, మీరే ఆలోచించుకోండి.

విలన్ పేరు పేటెంటు!

సరే, ఆట అందంగా తయారైంది. లినక్స్ మీద పెడితే ఆ అందమంతా కనపడాలిగా? అక్కడే వచ్చింది చిక్కు.

ఆటకీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య డ్రైవరు అనే మధ్యవర్తి ఉంటాడు. లినక్స్‌లో ఉచిత డ్రైవర్ల ఇల్లు 'మెసా'. దీన్ని 1993లో బ్రయన్ పాల్ అనే ఆయన మొదలుపెట్టారు. కార్డులు తయారుచేసే కంపెనీలు తమ కార్డు లోపలి గుట్టు చెప్పకపోతే ఈ మధ్యవర్తి ఏం చేస్తాడు? తడుముకుంటాడు! 2007లో ఏఎండీ తన కార్డుల వివరాలు ఇస్తానని ముందుకొచ్చాక అటువైపు దారి తెరుచుకుంది.

ఇంకో అడ్డు మిగిలింది. గోడల బొమ్మలు చాలా జాగా తింటాయి. 1024 చుక్కల వెడల్పు, అంతే ఎత్తున్న ఒక్క బొమ్మ, చుట్టకుండా పెడితే 4 ఎంబీ. ఎస్3టీసీ అనే పద్ధతిలో చుట్టి పెడితే, రకాన్ని బట్టి 1 ఎంబీ, అరా ఎంబీ. బొమ్మను పదహారేసి చుక్కల గళ్లుగా విడగొట్టి, గడికి రెండు రంగులు రాసుకుని, వాటి మధ్యన ఇంకో రెండు రంగులు ఊహించుకోవడం ఆ పద్ధతి. తెలివైన పద్ధతే! కానీ దాని మీద పేటెంటు ఉంది. అందుచేత ఉచిత డ్రైవర్లు దాన్ని మామూలుగా లోపల పెట్టుకోలేకపోయాయి. విడిగా ఒక లైబ్రరీ తెచ్చుకుని పెట్టుకోవాలి. తెలిసినవాడికి బొమ్మ కనపడుతుంది, తెలియనివాడికి తలనొప్పి!

అప్పుడు జోనోటిక్ జట్టులోని ప్రోగ్రామరే ఒకాయన ఓ ఎత్తు వేశాడు. ఊహించే రెండు రంగులనీ తీసేసి, రాసుకున్న రెండు రంగులతోనే సరిపెట్టే పద్ధతి ఒకటి కట్టాడు. దానికి ఎస్2టీసీ అని పేరు. కార్డుకి తేడా తెలీదు, అది మామూలుగా బొమ్మ విప్పుకుంటుంది. బొమ్మ నాణ్యం కాస్త తగ్గుతుంది. కానీ పేటెంటు దారిలోకి వెళ్లకుండా పక్కనుంచి నడిచిపోవచ్చని ఆయన ఆలోచన. తుపాకుల ఆట కోసం తుపాకీ లేకుండా వేసిన దెబ్బ ఇది!

2017 అక్టోబరులో ఆ పేటెంటు గడువు తీరిపోయింది. మెసావాళ్లు అసలు పద్ధతినే లోపల కలిపేసుకున్నారు. విలన్ చావలేదు, రిటైరయ్యాడు! ఆ తర్వాత లినక్స్ మీద గోడలు కొత్తగా వెలిసాయి. ఆటలో ఒక్క గీత కూడా మారకుండానే ఆట అందం పెరిగింది. గ్రాఫిక్స్ మెరుగుదల అంటే ఆట తయారుచేసినవాడి గొప్ప మాత్రమే కాదన్నమాట. మధ్యలో తలుపు తీసినవాడి గొప్ప కూడా!

ఇంకో తమాషా. కొత్త గ్రాఫిక్స్ కార్డు వస్తే, లినక్స్ మీద దాని సత్తా కొలిచే పరీక్షల్లో ఈ జోనోటిక్‌ని కూడా పెట్టి నడుపుతుంటారు. ఒకప్పుడు కార్డు దొరక్క ఏడ్చిన ఆట, ఇప్పుడు కార్డులకి మార్కులు వేస్తోంది!

బాల్కనీలోనూ ఇదే ఆట, నేలలోనూ ఇదే ఆట

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. జోనోటిక్ సెట్టింగుల్లో మెట్లు ఉన్నాయి. అట్టడుగున 'ఓఎంజీ'. తర్వాత లో, మీడియం, నార్మల్, హై, అల్ట్రా. అన్నిటికంటే పైన 'అల్టిమేట్'. అల్టిమేట్ పెడితే నీడలు, మెరుపులు, ఇటుకల లోతు, అన్నీ. దానికి దిట్టమైన యంత్రం కావాలి. ఓఎంజీ పెడితే గోడలు ముద్దగా ఉంటాయి, నీడలుండవు, మేకప్ లేని హీరోయిన్‌లాగా ఉంటుంది. కానీ పాత కంప్యూటర్ మీద కూడా పరుగెడుతుంది.

గొప్ప ఎక్కడంటే, ఇద్దరూ ఒకే ఆటలో ఉంటారు! అల్టిమేట్ బాబు, ఓఎంజీ తమ్ముడు ఒకే రంగస్థలం మీద ఎదురెదురుగా నిలబడతారు. పైగా ఆరితేరిన ఆటగాళ్లలో చాలామంది మంచి కార్డు ఉండి కూడా అందాన్ని కావాలని తగ్గించుకుంటారు. గోడల బొమ్మలను మసకగా చేసేసుకుంటారు. ఎందుకంటారా? గోడ ఎంత సాదాగా ఉంటే దాని ముందు శత్రువు అంత స్పష్టంగా కనపడతాడు. ఫ్రేములు కూడా ఎక్కువ వస్తాయి. కాబట్టి నేల టిక్కెట్టువాడే ఒక్కోసారి బాల్కనీవాణ్ణి పడగొడతాడు!

అందుకే నేననేది, గ్రాఫిక్స్ మెరుగుపరచడంలో రెండు దారులున్నాయి. మొదటిది, పైన బాల్కనీ కట్టి కింద నేల తరగతి ఎత్తేయడం. "కొత్త కార్డు కొనుక్కో, లేకపోతే పో" అనడం. డబ్బుతో ఆడే ఆటలు చాలామట్టుకు ఈ దారిలోనే ఉన్నాయి. రెండోది, బాల్కనీ కడుతూనే నేలబెంచీలకి మరమ్మతు చేయడం. రెండోది కష్టం. ఒకే గదిని ఏడు రకాల కంప్యూటర్లకి ఏడు రకాలుగా నప్పించాలి. జీతం లేనివాళ్లు దాన్ని చేస్తున్నారంటే శభాష్ అనక తప్పదు.

లోపాలు లేవా? ఉన్నాయి. ఒక రంగస్థలం చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఇంకోటి చూస్తే సినిమా సగంలో ఆగిపోయి డబ్బుల్లేక పూర్తిచేసినట్టుంటుంది. ఒక రీలుకో కెమెరామన్ పనిచేసినట్టు. ఎవరికి తీరినప్పుడు వాళ్లు చేస్తే అలాగే ఉంటుంది మరి! కోట్లు పోసి తీసిన ఇప్పటి ఆటల పక్కన పెడితే ఇది పాతగానే కనపడుతుంది. కానీ ఆ కోట్ల ఆటలో గోడ మీ కళ్లకి నచ్చకపోతే మీరేం చేయగలరు? ఏమీ చేయలేరు. ఇందులో అయితే ఆ గోడను మీరే మార్చొచ్చు!

మరి మీరేం చేస్తారు?

జోనోటిక్ డౌన్‌లోడు ఒక జీబీకి అటూ ఇటూగా ఉంటుంది. జిప్ ఫైలు విప్పి, లోపలున్న ఫైలు నడిపితే చాలు, ఇన్‌స్టాల్ చేయడం అంటూ ప్రత్యేకంగా లేదు. ముందు మీడియంలో పెట్టండి. సాఫీగా నడిస్తే ఒక్కో మెట్టూ ఎక్కండి. తడబడితే ముందుగా నీళ్లలో ప్రతిబింబాలు, అప్పటికప్పటి నీడలు ఆపేయండి. ఎక్కువ భారం అవే. కార్డు డ్రైవరు పాతదైతే ముందు దాన్ని మార్చండి. సగం జబ్బు అక్కడే ఉంటుంది.

మీలో బొమ్మలు వేసేవాళ్లున్నారు. ఫోన్ కెమెరాతో పాతగోడలు, తుప్పుపట్టిన గేట్లు ఫోటోలు తీసేవాళ్లున్నారు. అవి ఎవరో ఒకరి ఆటలో గోడలు కాగలవు. నెట్‌రేడియంట్ అనే ఉచిత పనిముట్టుతో రంగస్థలాలు కట్టొచ్చు. దీపం ఎక్కడ పెట్టాలో మీరే నిర్ణయించొచ్చు. ఈ దేశంలో ఎంతమంది కుర్రాళ్లకి కెమెరామన్ అసిస్టెంటుగా స్టూడియో గేటు దాటే అదృష్టం పడుతుంది చెప్పండి? ఇక్కడ గేటూ లేదు, గూర్ఖా లేడు!

హీరోలకి జేజేలు కొట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈసారి ఆట మధ్యలో ఓ క్షణం ఆగి, చీకటి నడవాలో రాకెట్టు వెలుగు గోడ మీద జారిపోతుంటే చూడండి. అంతలో ఎవడో వెనకనుంచి మిమ్మల్ని కాల్చేస్తాడనుకోండి... పరవాలేదు, మళ్లీ పుడతారు!